హన్మకొండలో వేసవి సాహిత్య పండుగ: రాసేవాళ్లనీ ఆడిపాడేవాళ్లనీ ఒకే వేదిక మీదికి ఎలా తేవాలి?

సుబేదారి తెలుగు టీచర్:

అందరికీ నమస్తే. నేను హన్మకొండలో ఒక హైస్కూల్లో తెలుగు చెప్తాను. ఆదివారాలు కలిసి పుస్తకాలు చదువుకునే చిన్న బృందం ఉంది మాకు. ఇద్దరు నర్సులు, ఒక బ్యాంకు ఉద్యోగి, పోస్టాఫీసులో చేసి రిటైరైన ఒక పెద్దాయన, కాకతీయ యూనివర్సిటీ పిల్లలు కొందరు. ఈ ఎండాకాలం సెలవుల్లో రెండు సాయంత్రాలు సాహిత్య పండుగ చేద్దామని అందరం గట్టిగా అనుకున్నాం. చందాలు కొంత పోగయ్యాయి, ఇంకొంత వస్తాయి.

ఇప్పుడు రాస్తున్నవాళ్లు, ఇప్పుడు పాడుతున్నవాళ్లు, ఇప్పుడు కథ చెప్తున్నవాళ్లు రావాలన్నదే మా కోరిక. కథలు రాసే ఆడవాళ్లు, దళిత కవులు, ఉర్దూలో రాసే మన మండిబజార్ వాళ్లు, తండాల నుంచి వచ్చి రాస్తున్న పిల్లలు, కోయ భాషలో పాడేవాళ్లు, వాళ్లతో పాటే డోళ్లతో చెప్పే ఒగ్గు కథ, వేషం కట్టి ఆడే చిందు యక్షగానం, బొమ్మల పటం చూపిస్తూ చెప్పే పటం కథ. 2024లో తెలుగుకి సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన కుర్రవాడికే కదా. అట్లాంటి పిల్లలు మన చుట్టుపక్కల ఇంకా ఉన్నారు. వాళ్లకు మైకు దొరకడం లేదు.

నన్ను వేధిస్తున్న సంగతి చెప్తాను. ఆమధ్య ఒక ఊళ్లో సాహిత్య సభకు వెళ్లాను. ఒక చిందు మేళాన్ని కూడా పిలిచారు. పెద్దాయన నాలుగింటికే వేషం కట్టుకుని కూర్చున్నాడు. ముఖానికి అర్దళం రంగు, నెత్తిన కిరీటం, భుజాల మీద భుజకీర్తులు. అతిథులను గేటు నుంచి వేదిక దాకా తోడుకుని రావడానికి మేళం ముందు నడిచింది. ఫొటోలు తీశారు. ఆ తర్వాత ముఖ్య అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి, అందరూ మాట్లాడారు. రాత్రి తొమ్మిదికి నిర్వాహకుడు ఒకాయన వచ్చి, "పెద్దాయనా, పది నిమిషాల్ల ముగించాలె" అన్నాడు. అప్పటికి ఆయన ముఖం మీది రంగు చెమటకు చారలు కట్టి మెడ దాకా జారింది. కిరీటం మాత్రం దించలేదు. నిలబడి పది నిమిషాలూ పాడాడు, అదీ ఎంత నిండుగా! ఆయన గొంతు ఇంకా నా చెవుల్లోనే ఉంది. ఆ సభలో చదివిన కవితల్లో దాని పక్కన నిలబడేది నాకైతే ఒక్కటీ కనిపించలేదు.

మన పండుగలో అట్లా జరగకూడదు. అసలు ఈ ఊళ్లో అట్లా జరగడమే విచిత్రం. క్రీడాభిరామం అనే పాత కావ్యంలో ఓరుగల్లు వీధుల్లో పలనాటి వీరుల కథ పాడతారు. పాలకుర్తి సోమన పండితారాధ్య చరిత్రలో శ్రీశైలం శివరాత్రికి చేరిన ఆటపాటల వాళ్లను, తోలుబొమ్మలవాళ్లతో సహా ఎంత ఇష్టంగా వర్ణించాడో చదివినవాళ్లకు తెలుసు. ఆయన ద్విపద రాసిందే జనం పాడుకోవడానికి. హన్మకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం 1904 నుంచి ఉంది. అంటే ఇక్కడ పుస్తకమూ పాతదే, పాటా పాతదే. రెండూ ఒక్క చోట కూర్చోవడమే కావాలి.

మీలో ఇట్లాంటివి చేసినవాళ్లు, చూసినవాళ్లు, వేదిక ఎక్కినవాళ్లు ఉంటే చెప్పండి. హాలు మంచిదా, ఆరుబయట మంచిదా? ఎవరికి ఎంత సమయం ఇవ్వాలి? డబ్బుల సంగతి ఎలా అడగాలి? తెలుగు, ఉర్దూ, కోయ, లంబాడీల గోర్ బోలి ఒకే సాయంత్రం వినిపిస్తే జనం నిలబడతారా?


ఐనవోలు తమ్ముడు:

అక్కా, నమస్తే. మాది ఒగ్గు ఇల్లు. నాన్న, చిన్నాన్న ఇప్పటికీ కథ చెప్తారు. నేను ఉద్యోగం చేసుకుంటూ పండుగలప్పుడు డోలు పడతాను. మీరు ఆ పెద్దాయన గురించి రాసింది చదివి మా నాన్నకు వినిపించాను. "గట్ల శాన జాగలల్ల అయితది" అన్నాడు.

మొదట సమయం గురించి. మల్లన్న కథ పూర్తిగా చెప్పాలంటే రాత్రులు పడుతుంది. బీరప్ప కథ కూడా అంతే. దాన్ని పదిహేను నిమిషాల్లో చెప్పమంటే మావాళ్లు కాదనరు, ఎందుకంటే పిలిచినవాళ్లను కాదనే అలవాటు లేదు. కానీ ఆ పదిహేను నిమిషాల్లో మీరు చూసేది డోళ్ల విన్యాసం మాత్రమే, కథ కాదు. మీరే వెళ్లి అడగండి: "ఏ ఘట్టం చెప్తరు? దానికి ఎంతసేపు కావాలె?" అని. మల్లన్న కథలో మేడలమ్మ పెళ్లి ఒక్కటే తీసుకుంటే గంటా పావు, గంటన్నరలో బాగా కుదురుతుంది. ఆ గంటన్నర మధ్యలో ఎవరూ చీటీ పంపొద్దు. ఎమ్మెల్యే గారు వచ్చినా కథ ఆపొద్దు. ఇది ముందే మీ బృందంలో అందరూ ఒప్పుకోవాలి, ఎందుకంటే ఆ సమయానికి ఎవరో ఒకరు మెత్తబడతారు.

రెండోది, మీరు ఇప్పటి రచయితలు అన్నారు కదా. మా చిన్నాన్న వంత అందుకుంటాడు. అంటే పెద్ద కథకుడు ఒక మాట అంటే ఆ మాటకు అడ్డం తగిలి ప్రశ్న వేస్తాడు, నవ్విస్తాడు, మళ్లీ కథలోకి తోలుకొస్తాడు. మొన్న ఒక ఊళ్లో గొర్ల మంద మీదికి రోగం వచ్చిన ఘట్టం నడుస్తున్నది. ముందు వరుసలో ఒక ముసలమ్మ కండ్లు తుడుచుకుంటున్నది. చిన్నాన్న అది చూసి కథలో ఒక కొత్త ముసలమ్మను పెట్టాడు. ఆమెకు పేరు పెట్టాడు, మందలో ఏ గొర్రె ఆమెదో చెప్పాడు, ఆ గొర్రెకు చెవి కత్తిరించిన గుర్తు చెప్పాడు. పావుగంట నడిపించాడు. అది ముందు రోజు లేదు, మళ్లీ రాలేదు. కథ రాసేవాళ్లు కూర్చుని చేసే పనే అది, మావాళ్లు వెయ్యి మంది ముందు నిలబడి చేస్తారు. అందుకని కథ అయిపోగానే పంపించెయ్యకండి. ఒక కథా రచయితను పక్కన కూర్చోబెట్టి ఇద్దరినీ మాట్లాడనియ్యండి. ఎక్కడ కథ ఎత్తుకోవాలి, జనం కునికితే ఏం చెయ్యాలి, ఏడిపించినంక ఎంతసేపటికి నవ్వించాలి, ఇవి అడగండి. "అంతరించిపోతున్న కళ" అని మాత్రం ఎవరితోనూ మాట్లాడించకండి. కళ్లెదుట మనిషి బతికి ఉండి చెప్తుంటే ఆ మాట వినడం మావాళ్లకు చాలా కష్టంగా ఉంటుంది.

డబ్బుల సంగతి దాచుకోకుండా ముందే మాట్లాడండి. మేళం అంటే ఒక్కడు కాదు. కథకుడు, వంత, డోళ్లు, తాళాలు, నపీర, కంజర అందరూ కలిస్తే ఒక బండి నిండుతుంది. మేళానికి మొత్తం ఎంత, బండి కిరాయి ఎంత, భోజనం ఎక్కడ అన్నది ముందే తేల్చి సగం బయానా ఇవ్వండి. మిగతాది ఆ రాత్రే చేతిలో పెట్టండి. మా ఇంట్లో ఇనుప సందుగ ఉంది. దాని నిండా శాలువాలే. కొన్నింటికి కవరు కూడా విప్పలేదు. ఏటా అమ్మ వాటిని ఎండకు వేసి, కలరా ఉండలు పెట్టి మళ్లీ సర్దుతుంది. నాన్నకు వాటి మీద గౌరవం ఉంది, పారెయ్యనివ్వడు. కానీ ఒక్క శాలువా కూడా మా చెల్లె ఫీజు కట్టలేదు.

ఫ్లెక్సీ మీద "జానపద కళాకారుల ప్రదర్శన" అని చివరి లైనులో వెయ్యకండి. కవి పేరు ఎంత సైజులో వేస్తారో కథకుడి పేరు, ఊరి పేరు అంతే సైజులో వెయ్యండి. మాణిక్యాపురం చుక్క సత్తయ్య గారికి సంగీత నాటక అకాడమీ పురస్కారం వచ్చినప్పుడు మా ఊళ్లో మేళాలన్నీ ఎంత సంబురపడ్డాయో! చిందులో గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చినప్పుడు కూడా అంతే. పేరు అచ్చులో చూసుకోవడం మాకూ ఇష్టమే.

ఇంకోటి, ఎండాకాలం ఊళ్లల్ల ఎల్లమ్మ పండుగలు, బీరప్ప పండుగలు ఉంటాయి. మావాళ్లకు తీరిక తక్కువ. ఇప్పుడే మాట్లాడుకోండి.


కాజీపేట సౌండ్ అన్న:

టీచర్ గారూ, హాలా, ఆరుబయటా అని అడిగారు. నేను మైకులు పెట్టేవాణ్ణి కాబట్టి నా పని వైపు నుంచి చెప్తాను.

ఆరుబయట అయితే రాత్రి పది దాటాక లౌడ్‌స్పీకర్ నడపొద్దు. 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో ఉంది. పది తర్వాత కొనసాగించాలంటే మూసి ఉన్న హాలు కావాలి, లేదంటే మైకు తీసేసి గొంతుతో నడపాలి. పోలీసు పర్మిషన్‌కు మైకుల సంగతి, సమయం రెండూ రాసి ముందే ఇవ్వండి. మేలో పొద్దుగూకేది ఆరూ నలభై ప్రాంతంలో. నేల వేడి తగ్గి మనుషులు కుదురుగా కూర్చునేసరికి ఏడు దాటుతుంది. అంటే ఆరుబయట మీకు దొరికేది మూడు గంటలు. దాంట్లో ఉపన్యాసాలకు ఎంత పోవాలో మీరే ఆలోచించుకోండి.

హాలు అయితే చల్లగా ఉంటుంది, కానీ డప్పుకు నిప్పు కావాలి. తోలు కాగితేనే కణకణ మోగుతుంది. ఏ హాలువాళ్లూ లోపల మంట పెట్టనివ్వరు. ఒకసారి డప్పు మేళం వాళ్లు హాలు వెనక పార్కింగులో గడ్డి, అట్టముక్కలు వేసి కాపుకుని పరుగెత్తుకొచ్చారు, ఏసీ చలికి రెండో పాటకే తోలు మెత్తబడింది. దరువు మొద్దుగా పడుతుంటే కొట్టేవాళ్ల మొహాలు చూడలేకపోయాను. డప్పు ఉంటే మాత్రం ఆరుబయటే పెట్టండి, వేదిక పక్కన ఇసుక పోసి మంటకు జాగా ఇవ్వండి, ఒక బకెట్ నీళ్లు పెట్టండి.

పబ్లిక్ గార్డెన్‌లో మిమిక్రీ నేరెళ్ల వేణుమాధవ్ గారి పేరు మీద కళాప్రాంగణం ఉంది కదా, దాని సంగతి కనుక్కోండి. ఒక్క గొంతుతో లోకం మొత్తం వినిపించిన మనిషి పేరున్న జాగా, మీ పండుగకు సరిపోతుంది.

మైకుల సంగతి. కవులకు స్టాండు మైకు చాలు. ఒగ్గు, చిందు వాళ్లు తిరుగుతారు, ఎగురుతారు, గజ్జెలు కట్టుకుని ఉంటారు. కథకుడికి, వంతకు చెవికి తగిలించే మైకులు ఇవ్వండి. డోళ్లకు మైకు అసలు వద్దు, దాని గొంతు దానికే మస్తు. కథ మాట జనానికి అందకపోవడానికి కారణం చాలాసార్లు ఇదే: డోలు మైకులో, కథకుడు గాలిలో. వేదిక మీద మెత్తటి కార్పెట్ కూడా వెయ్యొద్దు, గజ్జె చప్పుడు చచ్చిపోతుంది. మైకులను సరిచూడటం మేళాన్ని వేదికెక్కించి చెయ్యండి, సాయంత్రం నాలుగింటికి. "హలో, చెక్" అని మావాడు ఒక్కడు అంటే దానితో ఏం తెలవదు.

మేలో గాలిదుమారం ఎప్పుడొస్తుందో చెప్పలేం. అర్ధగంటలో టెంటు లేచిపోతుంది, వెనకే కరెంటు పోతుంది. జనరేటరు మాట్లాడుకోండి, వాన పడితే ఎక్కడికి మారతారో ముందే అనుకోండి. పెండ్లి ముహూర్తాల రోజు అస్సలు పెట్టుకోకండి. కుర్చీలు దొరకవు, మేమూ దొరకం. కుర్చీల మాట వచ్చింది కాబట్టి, ముందు సగం జాగాలో కొత్తవాడ జంపఖానాలు పరిచి జనాన్ని కింద కూర్చోబెట్టండి. కథ వినే జనం కింద కూర్చుంటేనే దగ్గరికి జరుగుతారు.


మండిబజార్ షాయర్:

ఆదాబ్, టీచర్ గారూ. ఉర్దూ వాళ్లను గుర్తుపెట్టుకున్నందుకు చాలా సంతోషం. మమ్మల్ని తెలుగు కవి సమ్మేళనాల్లో పిలుస్తుంటారు. ముప్పై మంది తెలుగు కవుల తర్వాత ఒక ఉర్దూ కవి, మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాల్లో ఒక గజల్ చదివి దిగిపోవాలి. నేను కోరేది ఎక్కువ సమయం అని కాదు, మా పద్ధతిలో వినమని.

ముషాయిరాలో వినేవాళ్లకు పని ఉంటుంది. షేర్‌లో మొదటి పంక్తి చదివి ఆగుతాం. జనం ఆ పంక్తిని తిరిగి అంటారు, రెండోసారి చదివిస్తారు. అప్పుడు రెండో పంక్తి పడుతుంది, "వాహ్" అంటారు, "ముకర్రర్" అంటారు, మళ్లీ చదువుతాం. ఆ దాద్, అంటే మెచ్చుకోలు, లేకుండా గజల్ చదవడం నాకైతే ఖాళీ గదిలో మాట్లాడినట్టే ఉంటుంది. కాబట్టి ముందు ఒక ఐదు నిమిషాలు సభ నడిపే మా నాజిమ్ సాబ్‌కు ఇవ్వండి. ఎట్లా వినాలో ఆయన జనానికి నేర్పిస్తారు. నన్ను నమ్మండి, వరంగల్ జనం రెండు షేర్లకే అందుకుంటారు. కాజీపేట దర్గా ఉర్స్‌లో ఖవ్వాలీకి కూర్చునేవాళ్లలో తెలుగు ఇండ్ల వాళ్లు ఎంతమంది ఉంటారో మీకూ తెలుసు.

ఐదుగురం చాలు, చిన్న నుంచి పెద్దకు. మొదట కొత్త పిల్లలు చదువుతారు, చివరికి పెద్దవాళ్లు. మా దగ్గర ఇప్పుడు ఇద్దరు అమ్మాయిలు చాలా బాగా రాస్తున్నారు. ఒకమ్మాయి దక్కనీలో, అంటే మన వైపు మాట్లాడే ఉర్దూలో రాస్తుంది, ఇంట్లో అమ్మ మాట్లాడే భాష అచ్చంగా అదే. ఆమె చదివితే తర్జుమా అవసరమే పడదు. మిగతావాటికి తెలుగు అనువాదం ఒక కాగితం మీద అచ్చువేసి ముందే పంచండి. గజల్ నడుస్తుండగా ఎవరో మైకులో అర్థం చెప్పడం మాత్రం వద్దు, లయ తెగిపోతుంది.

సమయం దగ్గర చిన్న విన్నపం. పొద్దుగూకగానే మగ్రిబ్ నమాజ్ ఉంటుంది, మమ్మల్ని ఏడుంపావు తర్వాత పెట్టండి. ఈ ఏండ్లల్లో బక్రీద్ ఎండాకాలంలోనే వస్తున్నది, తేదీ చూసుకుని పండుగ పెట్టుకోండి.


కథలు రాసే కరీంనగర్ అక్క:

నేను కొంచెం వేరే మాట చెప్తాను, ఐనవోలు తమ్ముడు మరోలా అనుకోవద్దు. ఒక సభలో డప్పు దరువు అయిన వెంటనే నన్ను కథ చదవమన్నారు. జనం ఒంట్లో ఇంకా దరువే ఆడుతున్నది. నా కథ ఒక ముసలామె ఆస్పత్రి వరండాలో కూర్చుని ఉండటంతో మొదలవుతుంది. ఎవరు వింటారు? వాళ్ల తప్పు కాదు, నా కథ తప్పూ కాదు. వరస తప్పు.

అందరినీ ఒకే వేదిక ఎక్కించడమే సమానంగా చూడటం కాదండీ. కథ చదవడానికి నిశ్శబ్దం కావాలి, దగ్గరితనం కావాలి. ఐదున్నర నుంచి ఏడు దాకా లోపలి గదిలో ఫ్యాను కింద నలభై యాభై మందితో కథలు, కవితలు పెట్టండి. ఆరుబయట ఇంకా వేడిగానే ఉంటుంది కాబట్టి జనం సంతోషంగా లోపల కూర్చుంటారు. కథ మొత్తం చదవనియ్యండి. సారాంశం చెప్పమని అడగకండి. తర్వాత అందరూ కలిసి ఆరుబయటికి నడవండి, ముషాయిరా, ఆ తర్వాత ఒగ్గు కథ. చప్పుడు మెల్లగా పెరుగుతూ పోవాలి.

ఆడవాళ్లు రావాలంటే బస్సు చూసుకోండి. మహాలక్ష్మి పథకం వచ్చినప్పటి నుంచి ఆర్టీసీలో టికెట్ లేదు, అందుకని పరకాల నుంచీ నర్సంపేట నుంచీ కూడా వస్తారు. తిరిగి పోవడమే కష్టం. ఆఖరి బస్సు ఎన్నింటికో ప్రతి దిక్కుకూ కనుక్కుని పోస్టరు మీదే వెయ్యండి. రాత్రి ఉండిపోవాలనుకునే ఆడవాళ్లకు స్కూలు గదులు అడగండి. ఊరి నుంచి వచ్చే కొత్త రచయిత్రికి తోడుగా ఇంకొకరు రావడానికి కూడా ఖర్చులు పెట్టుకోండి. తోడు లేక ఇంట్లో పంపలేదని ఫోన్ చేసి చెప్పిన అమ్మాయిలు నాకు తెలుసు.

శాలువాల డబ్బుతో వచ్చిన రచయితల పుస్తకాలే కొని ఒకరివి ఒకరికి ఇవ్వండి. ఒగ్గు కథకుడికి కూడా ఇవ్వండి, చదవరని అనుకోకండి.


ములుగు నుంచి:

నమస్తే మేడం. నేను కోయ, ఏటూరునాగారం వైపు స్కూల్లో పని చేస్తాను. ఒక్క విషయం చెప్పడానికి వచ్చాను. మేలో మావాళ్లు తునికాకుకు, అంటే బీడీల ఆకు కోతకు పోతారు. తెల్లారకముందే అడవికి పోయి, ఆకు కోసుకుని వచ్చి, యాభై ఆకులకు ఒక కట్ట కట్టి, సాయంత్రం కల్లానికి చేర్చాలి. ఇంటిల్లిపాదీ అదే పని. ఏడాదికి చేతిలో పడే డబ్బుల్లో అది పెద్ద భాగం. ఆ రోజుల్లో పాటకు రమ్మంటే ఒక్కో రోజు కూలీ పోతుంది. మీరు ఇచ్చేది బస్సు కిరాయి, భోజనం మాత్రమే అయితే వాళ్లకు నష్టం. ఆకు అయిపోయాక, జూన్ మొదట్లో, బడులు తెరవకముందు పెడితే వస్తారు. పొలం పనులు కూడా అప్పటికి ఇంకా ఊపందుకోవు.

మా దగ్గర డోలీలు ఉన్నారు. పడిగె అనే గుడ్డ జెండా పట్టి, దాని మీది బొమ్మలు చూపిస్తూ సమ్మక్క కథ, ఇలవేల్పుల కథలు పాడతారు. పడిగె దేవుడి వస్తువు. ఎక్కడ పడితే అక్కడ విప్పరు. మీ దగ్గరికి పడిగె తెమ్మని అడగకండి. పాట పాడతారేమో పెద్దమనుషులను అడగండి, వాళ్లు సరే అంటేనే. అదే కొత్తగా రాస్తున్న పిల్లలయితే ఏ అడ్డూ లేదు. తెలుగు లిపిలోనే కోయ పాటలు రాసుకుంటున్నారు, ఫోన్లో రికార్డు చేసి పంపుకుంటున్నారు. వాళ్లను పిలవండి. మా బడిలో చదివి ఇప్పుడు డిగ్రీలో ఉన్న ఒక అమ్మాయి తునికాకు మీదనే పాట కట్టింది.


సుబేదారి తెలుగు టీచర్:

అందరికీ చేతులెత్తి దండం. నిన్న రాత్రి మా బృందం అంతా కూర్చుని ఇవన్నీ గట్టిగా చదువుకున్నాం.

తేదీ మార్చాం. మే రెండో వారం అనుకున్నది జూన్ మొదటి వారానికి జరిపాం. ములుగు సార్ చెప్పకపోతే మాకు ఈ ఆలోచనే వచ్చేది కాదు. రోహిణి కార్తె ఉక్కపోత ఉంటుంది, వాన భయం కూడా ఉంటుంది, అయినా సరే. బక్రీద్ తేదీ చూసుకున్నాకే పోస్టరు వేస్తాం.

కరీంనగర్ అక్క చెప్పిన వరస అందరికీ నచ్చింది. మొదటి సాయంత్రం లోపల కథలు, బయట ముషాయిరా, ఆ తర్వాత ఒగ్గు కథ గంటన్నర. రెండో సాయంత్రం లోపల తండా, కోయ పిల్లల కవిత్వం, పాట. బయట చిందు. చిందు వాళ్లను మాదిగల పుట్టుక కథ జాంబ పురాణం చెప్పమని అడగాలని ఉంది. సాహిత్యం చదివే మన స్నేహితులు చాలామంది దాని పేరు విన్నారు గానీ కథ వినలేదు. ఎంతసేపు కావాలో మేళం వాళ్లే చెప్తారు. పటం కథ మాత్రం ఈసారి వదిలేస్తున్నాం. పటం మీది బొమ్మ వెనక వరుసకు కనిపించాలంటే కెమెరా, తెర కావాలి, అంత డబ్బు లేదు. పటం కథ చెప్పే కూనపులి వాళ్లు ఎవరైనా కొత్తవాడలో పద్మశాలీల ఇండ్లకు ఇంకా మార్కండేయ పురాణం చెప్పడానికి వస్తుంటే చెప్పండి, మేమే అక్కడికి వెళ్లి వింటాం.

ముఖ్య అతిథి లేడు. దీని మీద మా రిటైర్డ్ పెద్దాయన గంటసేపు వాదించారు, అతిథి లేకపోతే పేపర్లో రాదని. రాకపోతే రాకపోనీ అని నర్సు అక్కలు అన్నారు, చివరికి ఆయనే ఒప్పుకున్నారు. ప్రారంభం అంటూ వేరే ఉండదు, మొదటి కథ చదవడమే ప్రారంభం.

తమ్ముడూ, నాన్నగారితో, చిన్నాన్నతో మాట్లాడటానికి వచ్చే ఆదివారం ఐనవోలు రావచ్చా? బయానా తీసుకుని వస్తాం. సౌండ్ అన్నా, ఆ వారం ముహూర్తాలు లేని రోజులేవో జర చూసి చెప్పండి.


ఐనవోలు తమ్ముడు:

రండక్కా. ఆదివారం పొద్దున వాళ్లకు ఒక ఊళ్లో బీరప్ప పండుగ ఉంది, మూడింటికల్లా ఇంటికి వస్తారు. నాలుగింటికి రండి. ఒక్కటి అడగమన్నాడు చిన్నాన్న: ఆ కరీంనగర్ అక్క కథ పుస్తకం ఎక్కడ దొరుకుతది? ఆస్పత్రి వరండాలో ముసలామె ఏమైందో తెలుసుకోవాలట. చదివి వినిపించేటందుకు నేనున్నాను.


కథలు రాసే కరీంనగర్ అక్క:

పుస్తకం పోస్టులో పంపిస్తాను తమ్ముడూ. కానీ చివరి రెండు పేజీలు చదివి వినిపించొద్దు. అక్కడి దాకా చదివి ఆపి, ఆయన అయితే ఆ కథను ఎట్లా ముగించేవాడో అడుగు. హన్మకొండలో మా ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడిస్తే నేను ఆయన్ను మొదట అడిగేది అదే.


కాజీపేట సౌండ్ అన్న:

టీచర్ గారూ, పంచాంగం చూశాను. శని, ఆదివారాలు రెండూ పెండ్లిండ్లతో నిండిపోయాయి. మంగళ, బుధ ఖాళీ. మా కుర్చీలు, జనరేటరు, చెవి మైకులు నాలుగు, ఆ రెండు రోజులకు మీ పేరు మీద రాసిపెట్టాను. ఇసుక మీరే తెప్పించుకోండి.